పరాయి నేల మీద సంఘ గానము: యుక్రెయిను క్వయర్లు, తెలుగు కీర్తనలు

2022 ఫిబ్రవరి 24న యుక్రెయినుపై రష్యా దాడి ఆరంభమైనప్పుడు మన సంఘములలో అనేకులు ఆ దేశము పేరును మొదటిసారి ప్రార్థనలో పలికారు. అక్కడ వైద్యవిద్య చదువుతున్న మన తెలుగు పిల్లలు క్షేమముగా ఇల్లు చేరవలెనని చేసిన ప్రార్థనలవి. పిల్లలు ఇల్లు చేరాక ఆ దేశము పేరు మన ప్రార్థనాంశములలో మెల్లగా కిందికి జారింది. అయితే ఆ దేశపు పాట ఒకటి చాలాకాలము ముందే మన మధ్యకు వచ్చి ఉన్నది. డిసెంబరు నెలలో జంట నగరాలలో జరిగే క్యారల్ ఆరాధనలలో ఇంగ్లీషు క్వయర్లు ఇష్టముగా పాడే "క్యారల్ ఆఫ్ ది బెల్స్" యుక్రెయిను స్వరకర్త మికోలా లెయోంతోవిచ్ కూర్చినది.

ఆయన ఒక గురువు కుమారుడు, తానును సెమినరీలో చదివినవాడు. ఆ పాటకు మూలము "షెడ్రిక్" అనే జానపద గీతము. దానిలో గంటలు లేవు, క్రిస్మసు కూడా లేదు. ఒక వానకోయిల ఇంటి యజమాని దగ్గరకు ఎగిరివచ్చి, నీ దొడ్డిలో గొర్రెలు ఈనినవి, ఈ ఏడు నీకు కలిసివస్తుంది అని చెప్పే కొత్త సంవత్సరపు దీవెన పాట అది. సంక్రాంతి నెలలో గుమ్మము ముందు నిలిచి ఇంటిల్లిపాదిని దీవించే హరిదాసును ఎరిగిన వారికి దానిని వేరుగా వివరింపనక్కరలేదు. 1916 డిసెంబరులో కీవ్ నగరములో దానిని మొదట పాడారు. 1921 జనవరిలో సోవియట్ రహస్య పోలీసు ఏజెంటు చేతిలో లెయోంతోవిచ్ హతుడయ్యాడు. 1922 అక్టోబరు 5న న్యూయార్క్ కార్నెగీ హాలులో ఒలెక్సాండర్ కోషెట్జ్ నడిపిన యుక్రెయిను క్వయర్ దానిని అమెరికాకు వినిపించింది. 1936లో పీటర్ విల్‌హౌస్కీ దానికి ఇంగ్లీషు మాటలు వ్రాశాడు, గంటలు అప్పుడు వచ్చాయి. రాగము నిలిచింది, వానకోయిల ఎగిరిపోయింది.

ఒక ప్రజ తన ఊరు విడిచి వెళ్లినప్పుడు దాని ఆరాధన గానములో ఏది నిలుస్తుంది, ఏది ఎగిరిపోతుంది? ఈ ప్రశ్న యుక్రెయిను వారిది మాత్రమే కాదు. డల్లాసులోను, దుబాయిలోను ఉన్న మన తెలుగు సంఘములది, అంతకంటె దగ్గరగా మన తార్నాకది కూడా. వారి అనుభవమును ముందుగా చూచి, దాని వెలుగులో మన కీర్తనల సంగతి పరిశీలించుట ఈ వ్యాసము ఉద్దేశము.

వాయిద్యము లేని ఆరాధన

యుక్రెయినులోని ఆర్థడాక్సు సంఘము గాని, రోముతో సహవాసము గల గ్రీకు కేథలిక్ సంఘము గాని ఆరాధనలో వాయిద్యములు వాడవు. ఆర్గన్ లేదు, హార్మోనియం లేదు. మనిషి గొంతు ఒక్కటే వాయిద్యము. పల్లె సంఘములో "ద్యాక్" అనే గాయకుడు ఒక ప్రక్కన నిలిచి ఎత్తుకుంటే ప్రజలు అందుకుంటారు. వారమునకు ఒకటి చొప్పున ఎనిమిది వరుసలు తిరుగుతూ ఉంటాయి. మన రాగములకు అవి సరిసమానము కావు గాని, "ఈ వారము ఈ వరుస" అనే మాట వినగానే ఏ స్వరములు, ఏ ముగింపులు వస్తాయో సంఘమునకు తెలిసిపోతుంది.

పదిహేడవ శతాబ్దములో పశ్చిమమునుండి వచ్చిన బహుస్వర పద్ధతి కీవ్, ల్వీవ్ నగరాలలోని సంఘ సహోదరత్వముల పాఠశాలలలో వేరూనింది. అయిదు గీతల మీద వ్రాసిన సంకేతలిపితో పాత ఏకస్వర గానములను పొందుపరచిన "ఇర్మొలోయ్" గ్రంథము 1700లో ల్వీవ్‌లో అచ్చయింది. తరువాతి శతాబ్దములో హ్లూఖివ్ అనే పట్టణము బాలగాయకులకు ప్రసిద్ధి పొందింది. 1751లో అక్కడ పుట్టిన ద్మిత్రో బోర్త్న్యాన్‌స్కీని చిన్నతనములోనే సెయింట్ పీటర్స్‌బర్గ్ రాజాస్థాన గాయక బృందమునకు తీసికొనిపోయారు. ఇటలీలో చదివి వచ్చి, చివరకు ఆ బృందమునకే ఆయన అధిపతి అయ్యాడు. ఆయన మావాడంటే మావాడని రెండు దేశములు నేటికిని వాదించుకుంటాయి. ఆయన వ్రాసినది మాత్రము దావీదు కీర్తనలకు కట్టిన సంగీతము.

1891లో యుక్రెయిను రైతుల వలస కెనడాకు మొదలైంది. గాలిసియా ప్రాంతపు పల్లెలనుండి మానిటోబా, సస్కాచెవాన్, ఆల్బెర్టా మైదానములకు వచ్చిన ఆ కుటుంబములకు భూమి దొరికింది గాని గురువులు దొరకలేదు. గురువు లేకపోతే బల్ల సంస్కారము లేదు. అయినా పాట ఉన్నది. ఇంటిలో కూడి, పల్లెలో చిన్ననాడు విన్న వరుసలను తామే పాడుకున్నారు. తరువాత గుడి కట్టారు, గుడి ప్రక్కన హాలు కట్టారు, హాలులో క్వయర్ సాధన మొదలైంది. బడిలో ఇంగ్లీషు మాత్రమే చదివిన పిల్లలు తాతల భాషను ఆ సాధనలో నేర్చుకున్నారు. తిరిగి స్వదేశము చేరలేకపోయిన కోషెట్జ్ 1941 నుండి వేసవులలో విన్నిపెగ్ వచ్చి క్వయర్ నాయకులకు తరగతులు చెప్పి, 1944లో ఆ ఊరిలోనే మరణించాడు.

ఆ రెండేండ్లకే, 1946లో, ల్వీవ్‌లో జరిపించిన ఒక సభ ద్వారా సోవియట్ ప్రభుత్వము గ్రీకు కేథలిక్ సంఘమును రద్దు చేసి రష్యా ఆర్థడాక్సు సంఘములో బలవంతముగా కలిపింది. 1989 వరకు ఆ సంఘము రహస్యముగా బ్రతికింది. ఆ 43 సంవత్సరములు దాని ఆరాధన సంగీతము బాహాటముగా వినబడినది విదేశములలోనే. 1991లో దేశము స్వతంత్రమైన తరువాత అక్కడివారు మరచినవి, భయపడి దాచినవి కొన్ని విదేశములనుండి తిరిగి వెళ్లాయి. ప్రవాసులు విత్తనపు గాదెగా పనిచేశారన్నమాట.

ఇంకొక సంగతి మనము గమనించవలెను. ప్రవాసులు "మన భాష" అని పట్టుకొని కాపాడినది చాలాకాలము వారి మాతృభాష కాదు. గ్రీకు కేథలిక్కుల ఆరాధన భాష సంఘ స్లావోనిక్. అది మన గ్రాంథికము కంటె కూడ దూరమైనది. ఆర్థడాక్సులలో స్వయంపాలిత సంఘము 1921లోనే ప్రజల యుక్రెయిను భాషలోనికి వచ్చింది. గ్రీకు కేథలిక్కులు రెండవ వాటికన్ సభ తరువాత, 1960ల దశకములో వచ్చారు. కెనడా, అమెరికాలలో ఇప్పుడు అవే వరుసలలో ఇంగ్లీషు మాటలు కూడా పాడుచున్నారు. అంటే వారు భాషను రెండుసార్లు మార్చారు, వరుసను మార్చలేదు. మన పరిస్థితి దీనికి తలక్రిందులు. మనము మాటలను అచ్చువేసి భద్రపరచుకున్నాము, వరుసలను గాలికి వదిలాము.

పుస్తకములో లేని వరుస

ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకము లూథరను, బాప్టిస్టు, సి.ఎస్.ఐ. అను భేదము లేకుండ మన ఇండ్లలో బైబిలు ప్రక్కన ఉన్నది. ప్రతి కీర్తన పైన రాగము, తాళము పేర్లు ఉంటాయి. ముఖారి, బిలహరి, మధ్యమావతి. ఆది, త్రిపుట, చాపు. క్రింద పల్లవి, అనుపల్లవి, చరణములు. స్వరములు మాత్రము లేవు. రాగము పేరు చెప్పినంత మాత్రాన వరుస తెలియదని సంగీతము కొంచెమైనా ఎరిగిన వారు ఒప్పుకుంటారు. రాగము నేల వంటిది, వరుస దాని మీద కట్టిన ఇల్లు. ఇంటి పటము పుస్తకములో లేదు. అది ఉపదేశి గొంతులో, బైబిలు స్త్రీ గొంతులో, మన అమ్మమ్మల గొంతులో ఉన్నది. అందుకే ఒకే కీర్తన గుంటూరులో ఒక విధముగా, ఒంగోలులో ఒక విధముగా, శ్రీకాకుళములో మరియొక విధముగా వినబడుతుంది.

ఈ కీర్తనలు మనకు ఇచ్చినవారిలో అగ్రగణ్యుడు పురుషోత్తమ చౌదరి (1803-1890). ఆయన స్వయముగా ఒక వలస కుటుంబపు బిడ్డ. వంగదేశపు మూలము గల బ్రాహ్మణ వంశము, పర్లాకిమిడి ప్రాంతపు పెంపకము, కటకములో 1833లో బాప్తిస్మము, తెలుగులో కవిత్వము. యేసునాయక శతకము వ్రాసిన ఆ చేతితోనే ఆయన కీర్తనలు వ్రాశాడు. అప్పటి తెలుగు దేశములో భజన గోష్ఠులు, కాలక్షేపములు ఏ రాగములలో నడిచేవో ఆ రాగములలోనే క్రీస్తు నామము వినబడింది. ఈ కీర్తనలలోని భక్తి వేదాంతముపై ఆర్. ఆర్. సుందరరావు గారి ఇంగ్లీషు గ్రంథము 1983లో వెలువడింది. మన విద్యార్థులు దానిని పరీక్ష కొరకు చదివి అంతటితో మూసివేయకూడదు. అయితే అందరి దృష్టి సాహిత్యము మీదనే నిలిచింది. వరుసల సంగతి మనలో ఎవరికీ పట్టలేదు.

అమెరికన్ బాప్టిస్టులు 1836లో తెలుగు పని ఆరంభించారు, తరువాత నెల్లూరు వారి కేంద్రమైంది. అదే మిషను 1870లలో నాగా కొండలకు వెళ్లింది. ఒకే మిషను, ఒకే విశ్వాస ప్రమాణము. నాగా సంఘములు నాలుగు స్వరముల గానములో నేడు దేశమంతట పేరు పొందాయి. నెల్లూరు, ఒంగోలు సంఘములు తాళములు, కంజీర పట్టుకొని ఏకస్వర కీర్తన పాడాయి. మిషనెరీలు తెచ్చిన ఇంగ్లీషు కీర్తనల అనువాదములు మన పుస్తకములోను ఉన్నవి గాని, ఇంగ్లీషులో ఊనికతో నడిచే పాదము తెలుగులో దీర్ఘ హ్రస్వముల మీద నడవవలసి వచ్చి చాలా చోట్ల కుంటింది. దీర్ఘము ఉన్నచోట స్వరము పొట్టిదై, హ్రస్వము మీద స్వరము సాగితే మాట మాటగా వినబడదు. మనవారు కీర్తనను ఎన్నుకొనుటలో ఇది పెద్ద కారణమని నా అభిప్రాయము.

నేటాల్ చెప్పే పాఠము

తెలుగు క్రైస్తవ ప్రవాసము అనగానే అమెరికా తలపునకు వస్తుంది. అంతకు ఎంతో ముందు దక్షిణ ఆఫ్రికా ఉన్నది. 1860 నవంబరులో మద్రాసునుండి బయలుదేరిన ట్రూరో అనే ఓడ ఒప్పంద కూలీలను నేటాల్ తీరమున దింపింది. 1911 వరకు సాగిన ఆ రవాణాలో తెలుగు జిల్లాలవారు వేల సంఖ్యలో వెళ్లారు. చెరకు తోటలలో, తేయాకు తోటలలో పని. వారిలోని బాప్టిస్టు విశ్వాసుల కొరకు నెల్లూరు ప్రాంతపు తెలుగు సంఘములు తమ స్వంత చందాలతో 1903లో జాన్ రంగయ్య గారిని నేటాలుకు పంపాయి. విదేశీ మిషనులు మనకు పంపుటయే గాని మనము విదేశమునకు పంపుట అప్పటికి అరుదు. కియర్స్‌నీ తేయాకు తోటలో ఆ సంవత్సరమే సంఘము ఏర్పడింది. 1915లో ఆయన మరణించే నాటికి పని ఇతర తావులకు వ్యాపించింది.

ఆ సంఘముల వారసులు నేటికిని ఉన్నారు. విశ్వాసము నిలిచింది, తెలుగు నిలువలేదు. బడి భాష, పని భాష, చివరకు ఇంటి భాష కూడా ఇంగ్లీషు అయింది. ఇందుకు వారిని నిందించుట తగదు. ఒప్పందపు కూలీ కొడుకు తెలుగులో ఏ కొలువు సంపాదించగలడు? కాని యుక్రెయిను వారితో పోల్చి చూస్తే ఒక తేడా కనబడుతుంది. విన్నిపెగ్ మనుమరాలికి తాత భాష రాకపోయినా స్వరలిపి కాగితము చేతిలో ఉన్నది. తాత పాడిన స్వరమునే ఆమె పాడగలదు. నేటాల్ మనుమరాలి చేతికి అటువంటి కాగితము అందలేదు. భాష పోవుటతో మాటలు పోయాయి. వరుస మాటలకు మాత్రమే కట్టుబడి గొంతులో ఉన్నది గనుక దానితో అదియు పోయింది.

తార్నాకలో ప్రవాసము

పరదేశము ఎంత దూరములో మొదలవుతుంది? తార్నాకలోని ఏ సంఘములోనైనా ఆదివారము ఉదయము కూర్చుండి వినండి. రైల్వే ఉద్యోగము కొరకు లాలాగూడ వచ్చినవారు, ఎన్.జి.ఆర్.ఐ., ఐ.ఐ.సి.టి. వంటి పరిశోధన సంస్థలలో పనికి వచ్చినవారు, ఉస్మానియాలో చదువుకొనవచ్చి ఇక్కడనే స్థిరపడినవారు. గోదావరి లూథరనులు, ప్రకాశము బాప్టిస్టులు, మెదకు, డోర్నకలు సి.ఎస్.ఐ. వారు, పాలమూరు వారు. అందరి చేతిలో ఒకే పుస్తకము, ఒకే సంఖ్య. పల్లవి వరకు కలిసి నడుస్తారు, అనుపల్లవి దగ్గర దారులు చీలుతాయి. ముందు వరుసలోని ఒక పెద్దాయన "మా వైపు ఇట్లా కాదండీ" అని ఆరాధన అయిన తరువాత తప్పక చెప్పి వెళ్తారు. సాధారణముగా కీబోర్డు వాయించే అబ్బాయి ఈ తగవును తీర్చివేస్తాడు. మూడు కార్డులలో ఇమిడే వరుస ఏదో అదే గెలుస్తుంది.

ముఖారి అటువంటి చోట నిలువలేదు. ఎక్కేటప్పుడు ఒక ధైవతము, దిగేటప్పుడు మరొక ధైవతము, మధ్యలో ఊగే గమకములు. కీబోర్డు మెట్ల మీద కార్డులు పట్టి దానిని నిలబెట్టితే అది మరేదో అవుతుంది. మోహన, శంకరాభరణము కొంత ఓర్చుకుంటాయి. అందువలన దుఃఖపు కీర్తనలు, ఒప్పుకోలు కీర్తనలు మన ఆరాధనలలోనుండి ముందుగా తప్పుకొనుచున్నవి. ఇది సంగీతపు నష్టము మాత్రమే కాదు, ఆత్మీయ నష్టము కూడ. శ్రమదినముల ఆరాధనకు సంతోషపు రాగములు మాత్రమే మిగిలిన సంఘము ఏ గొంతుతో ఏడుస్తుంది?

విశ్వవిద్యాలయ ఆవరణలో సంగతి వేరు. 1918లో స్థాపింపబడిన ఉస్మానియాలోను, దానిని ఆనుకొని ఉన్న ఇఫ్లూలోను ఈశాన్య రాష్ట్రముల క్రైస్తవ విద్యార్థులు చదువుచున్నారు. మిజోలు, నాగాలు చిన్న గదిలో నలుగురు కూడినా నాలుగు స్వరములు వినబడతాయి. ఇంగ్లండుకు చెందిన జాన్ కర్వెన్ పందొమ్మిదవ శతాబ్దములో ప్రచారము చేసిన టానిక్ సోల్ఫా, అంటే అక్షరములతో వ్రాసే స్వరలిపి, మిషనెరీల ద్వారా ఆ కొండలకు చేరింది. అయిదు గీతల కాగితము అవసరము లేదు, టైపు మిషనుతో కూడ కొట్టుకొనవచ్చును. ఆ విద్యార్థులు మన నగరములో మనకంటె ఎక్కువ పరదేశులు, అయినా వారి పాట వారి సంచిలో వచ్చింది. ఒక నాగా విద్యార్థిని ఒకసారి మన తెలుగు ఆరాధనకు వచ్చి, "అంకుల్, ఇంతమంది ఒకే స్వరము ఎందుకు పాడుతున్నారు?" అని నన్ను అడిగింది. మా సంగీతము అడ్డముగా పేర్చేది కాదమ్మా, నిలువుగా తవ్వేది అని చెప్పి, ఒక కీర్తన గమకములతో పాడి వినిపించాను. ఆమె శ్రద్ధగా విని, "దీనిని ఎక్కడ వ్రాసి ఉంచారు?" అని అడిగింది. సరియైన ప్రశ్న.

సరిగమలు అక్షరములే గదా. సోల్ఫా కంటె ఎంతో ముందునుండి మన దేశములో స్వరములను అక్షరములతో వ్రాసే పద్ధతి ఉన్నది. కీర్తనల పుస్తకములో ఆ ఒక్క గీత ఎక్కవలసినంత చోటు ఎప్పుడూ ఉన్నది.

అర్థము లేని పాట పాడవచ్చునా?

విదేశ సంఘముల కాపరులు అడిగే ప్రశ్న ఇది. పిల్లలకు తెలుగు చదువ రాదు. రోమను లిపిలో తెర మీద వేస్తే పెదవులు కదుపుతారు గాని అర్థము తెలియదు. 1 కొరింథీ 14లో పౌలు ఆత్మతో పాడుటను, మనస్సుతో పాడుటను జత చేశాడు గనుక ఇది తీసివేయదగిన ప్రశ్న కాదు. 137వ కీర్తనను మనము ప్రవాస వేదనకు ఉదాహరించుట వాడుక. ఈ విషయములో నాకు నెహెమ్యా గ్రంథము ఎక్కువ ఉపయోగపడింది. 13వ అధ్యాయములో అష్డోదు భాష మాటలాడి యూదుల భాష రాని పిల్లలను చూచి నెహెమ్యా వారి తండ్రుల తలవెండ్రుకలు పెరికాడు. డల్లాసు సంఘములో ఆ పద్ధతిని ఎవరూ సిఫారసు చేయరు. 8వ అధ్యాయములోనిది వేరు. అక్కడ ధర్మశాస్త్రమును స్పష్టముగా చదివి, అర్థము చెప్పి, ప్రజలు గ్రహించునట్లు చేశారు. మూలము విడువలేదు, వివరణ మానలేదు.

యుక్రెయిను సంఘములు చేసినది దాదాపు ఇదే. మన సంఘములలో దీనికి ఎక్కువ ఖర్చు లేదు. కీర్తనకు ముందు కాపరి రెండు నిమిషములు దాని అర్థము పిల్లల భాషలో చెప్పవచ్చును. రోమను లిపిలో వేసేటప్పుడు దీర్ఘములకు గుర్తులు పెట్టవలెను, లేకపోతే "పాడు" కాస్తా "పడు" అవుతుంది. ఇంగ్లీషులోనికి కీర్తనను మార్చదలచినవారు అర్థముతోపాటు మాత్రలను కూడ లెక్కపెట్టుకొని, మన వరుసలోనే అమరునట్లు మార్చవలెను. భాష మారితే మారనీయండి అని నేను అనుటలేదు. తెలుగు మీద నాకున్న మమకారము నాకున్నది. కాని భాష నిలుపుట ఒక్క సంఘము చేతిలో లేని పని. వరుస నిలుపుట సంఘము చేతిలో ఉన్నది.

సెమినరీ విద్యార్థులకు ఒక పని అప్పగించి ముగిస్తాను. మీరు సెలవులకు మీ ఊరు వెళ్లినప్పుడు మీ సంఘములో డెబ్బది ఏండ్లు దాటిన అమ్మను ఒకరిని అడిగి, ఆమెకు వచ్చిన కీర్తనలను ఫోనులో రికార్డు చేయండి. హార్మోనియం వద్దు, ఆమె శ్రుతిలోనే ఆమెను పాడనివ్వండి. కీర్తన సంఖ్య, ఊరు పేరు, ఆమెకు ఎవరు నేర్పారు, ఏ సంవత్సరము ప్రాంతములో అనునవి ఒక కాగితము మీద వ్రాసుకొనండి. స్వరములు తెలిసిన వారిచేత సరిగమలలో వ్రాయించండి. ముఖారి, మధ్యమావతి కీర్తనలతో మొదలుపెట్టండి, అవి ముందుగా పోతున్నవి గనుక.